బేల్దారి కన్నడం, బడి ఇంగ్లీష్

మా పొదిలి, కనిగిరి చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా బేల్దారి పనికి హైదరాబాదో బెంగళూరో వెళ్లినవాళ్లు కనిపిస్తారు. వాన మీద ఆధారపడి సేద్యం చేసే నేల ఇది. వరసగా రెండేళ్లు వాన ముఖం చాటేస్తే తాపీ పట్టుకుని బస్సెక్కడమే. అలా వెళ్లొచ్చిన ఒక తండ్రి, మూడేళ్ల కిందట తల్లిదండ్రుల సమావేశం రోజున, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నేను బెంగళూరు పోయిన ఆరు నెల్లకే కన్నడం మాట్లాడా. ఇంకో ఏడాదికి హిందీ కూడా వచ్చింది. నేను చదివింది అయిదో క్లాసు. మావాడు ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీషు చదవతానే ఉన్నాడు, ఇప్పుడు ఎనిమిది. ఎవరన్నా ఇంగ్లీషులో పేరడిగితే నోరు తెరవడు. ఎందుకంటారు?"

గొంతులో కోపం లేదు, నిలదీయడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను అందరికీ చెప్పే జవాబే చెప్పాను. "అక్కడ మీకు పొద్దస్తమానం కన్నడం వినపడుతుంది. ఇక్కడ మన పిల్లలకి ఇంగ్లీష్ ఎక్కడ వినపడుతుంది చెప్పండి?"

"బళ్లో కూడా వినపడదా సార్?" అన్నాడు.

నేను స్కూల్ అసిస్టెంట్‌ని. నా సబ్జెక్టే ఇంగ్లీష్. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఎనిమిదో తరగతి పీరియడ్‌కి ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని 45 నిమిషాలూ విన్నాను. పాఠంలో వాక్యాలు ఇంగ్లీష్‌లో చదివాను, అది నిజమే. మిగతాదంతా తెలుగే. "ఇవాళ ఎవరు రాలేదురా?" "పుస్తకాలు తియ్యండి." "వెనక బెంచీలో ఏందా గోల?" "ఆఫీస్ రూమ్‌కెళ్లి రెండు చాక్‌పీసులు పట్రా." "అయిపోయిందా? ఏదీ, చూపించు." "కొంచెం జరుగు, వాణ్ని కూర్చోనియ్." ఇక చదివిన ప్రతి ఇంగ్లీష్ వాక్యానికీ వెనకాలే "అంటే..." అని తెలుగు తగిలించాను. ఆ "అంటే"లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాటాక ఆపేశాను.

ఆ గదిలో నిజంగా జరిగిన పనులన్నీ తెలుగులో జరిగాయి. ఇంగ్లీష్‌లో జరిగింది ఒక్కటే, చదవడం. ఎవరూ ఎవరినీ ఇంగ్లీష్‌లో ఏమీ అడగలేదు, ఏమీ తెమ్మనలేదు, ఏమీ ఇమ్మనలేదు. దీన్నిబట్టి పిల్లవాడికి ఏం తెలుస్తుంది? అవసరమైన మాటైతే సారు ఎలాగూ తెలుగులో చెబుతాడు, ఇంగ్లీష్‌లో వచ్చింది చెవిన పడకపోయినా ఫర్వాలేదు అని. పదకొండేళ్లు నేను నేర్పింది అదేనేమోనని ఆ రాత్రి చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి నేను గట్టిగా నమ్ముతున్నది, తోటి టీచర్లతో వాదిస్తున్నది ఒకటే. పల్లెటూరి బడిలో పిల్లలకు దొరికే అసలైన ఇంగ్లీష్ పాఠ్యపుస్తకంలో లేదు. తరగతి నడవడానికి మనం రోజూ వాడే చిన్న చిన్న మాటల్లో ఉంది. హాజరు వెయ్యడం, పుస్తకం తియ్యమనడం, ఫ్యాన్ వెయ్యమనడం, డస్టర్ ఎక్కడుందని అడగడం. ఆ మాటలను తెలుగుకు ఇచ్చేసి, పాఠం ఒక్కటే ఇంగ్లీష్‌లో చెబుతున్నాం. నా ఉద్దేశంలో దీన్ని తిరగెయ్యాలి. పాఠంలోని కష్టమైన సంగతి తెలుగులో చెప్పినా చెప్పొచ్చు. చిన్న మాటలు మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉండాలి.

ఒక లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. రోజుకు ఒక ఇంగ్లీష్ పీరియడ్, మా బడిలో 45 నిమిషాలు. ఒక్కరోజు కూడా పోకుండా జరిగితే ఏడాదికి 165 గంటలు. ఇంట్లో రెండేళ్ల పిల్ల మేలుకుని ఉన్నంతసేపూ, రోజుకు పది గంటలనుకుందాం, చుట్టూ తెలుగు వింటూనే ఉంటుంది. ఆ పిల్లకు 165 గంటల తెలుగు పదహారు, పదిహేడు రోజుల్లో అందుతుంది. మా పిల్లలకు అంత ఇంగ్లీష్ అందడానికి ఏడాది పడుతుంది, అదీ ఆ 45 నిమిషాల్లో ప్రతి నిమిషం ఇంగ్లీషే వినపడితే. పరీక్షలు, స్లిప్ టెస్టులు, సెలవులు, నా "అంటే"లు తీసేస్తే ఏం మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఉన్నదే అంత తక్కువైనప్పుడు అందులో ఒక్క నిమిషం పారబోసుకోవడం న్యాయం కాదు.

ఆ బేల్దారి తండ్రికి తర్వాత ఒకసారి ఫోన్ చేశాను. మొట్టమొదట వచ్చిన కన్నడ మాట ఏమిటని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇట్టిగె తగొండ్ బా" అన్నాడు. ఇటుకలు పట్రా అని. మేస్త్రీ ఇటుకల వైపు చెయ్యి చూపించి ఆ మాట అనేవాడట. మొదటిరోజు చెయ్యి చూసి తెచ్చాడు. పది రోజులకు చెయ్యి చూడకుండా మాట విని తెచ్చాడు. ఆ తర్వాత కింద నిలబడ్డ కొత్త కుర్రాడికి తానే ఆ మాట చెప్పాడు. "నీరు హాకు" కూడా అంతే. పక్కన నిలబడి "అంటే నీళ్లు పొయ్యి" అని చెప్పే మనిషి ఎవరూ లేరు. ఇటుక ఉంది, నీళ్లు ఉన్నాయి, పని ఉంది. మాట వాటిని అంటిపెట్టుకుని వచ్చింది.

జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల నుంచి ఇలాగే భాష నేర్పించాడు. ముందు "లే, నడువు, తలుపు తియ్యి" లాంటి ఆజ్ఞలు వినిపించడం, పిల్లలు మాట్లాడకుండా ఆ పని చేసి చూపించడం. బెంగళూరు అపార్ట్‌మెంట్ కట్టే చోట ఏ పుస్తకమూ లేకుండా జరిగింది కూడా అదే.

"పల్లెటూరి పిల్లలు సార్, అర్థం కాదు" అని తోటి టీచర్లు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పొదిలి పొగాకు వేలం కేంద్రం గుర్తొస్తుంది. అక్కడికి బేళ్లు తెచ్చుకునే రైతుల్లో సంతకం పెట్టడం రానివాళ్లు కూడా ఉన్నారు. "నోబిడ్" అనే మాట తెలియనివాళ్లు మాత్రం ఒక్కరు కూడా ఉండరు. బేలును ఏ కంపెనీ కొనకపోతే నోబిడ్. ఆ మాట చెవిన పడగానే మనిషి ముఖం వాడిపోతుంది, మళ్లీ ట్రాక్టర్ కిరాయి కళ్ల ముందు కనపడుతుంది. ఇటు నెల్లూరు వైపు వెళ్తే రొయ్యల చెరువుల దగ్గర "కౌంట్ ఎంత పడింది?" అని అడుగుతారు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయని. ఆ మాటలను ఎవరూ బోర్డు మీద రాసి నేర్పలేదు. ఆ తాతల మనవళ్లకు "డస్టర్ ఎక్కడ" అన్నది ఇంగ్లీష్‌లో అర్థం కాదని అనడం నాకు నచ్చదు.

జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, ఆరో తరగతితో మొదలుపెట్టాను. మొదటి నెలకు పన్నెండు వాక్యాలు రాసుకున్నాను. "హూ ఈజ్ ఆబ్సెంట్ టుడే?" "టేక్ అవుట్ యువర్ నోట్‌బుక్స్." "పాస్ ఇట్ టు ద బ్యాక్." "మూవ్ ఎ లిటిల్." "హ్యావ్ యు ఫినిష్డ్?" "షో మీ." ఇలాంటివి. నాకు నేను పెట్టుకున్న నియమాలు రెండే. ఒక పనికి నెలంతా ఒకే వాక్యం, ఈరోజు ఒకలా రేపు ఇంకోలా అనకూడదు. రెండోది, "అంటే" అనకూడదు.

ఆ రెండోది నాకు నరకంలా అనిపించింది. "టేక్ అవుట్ యువర్ నోట్‌బుక్స్" అన్నాను. నలభైమంది నా ముఖంలోకి చూశారు. ఎప్పటిలాగే వెనకాల తెలుగు వస్తుందని ఎదురుచూస్తున్నారు. నేను నా నోట్‌బుక్ చేతిలోకి తీసుకుని, మళ్లీ అదే వాక్యం అని, నోరు మూసుకుని నిలబడ్డాను. మనసులో ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టాను. తరగతి గదిలో అయిదు క్షణాల నిశ్శబ్దం చాలా పొడుగ్గా ఉంటుంది. ముందు బెంచీలో ఒక పిల్ల పక్కపిల్లను చూసింది. ఆ పక్కపిల్ల అనుమానంగా సంచిలో చెయ్యి పెట్టి నోట్‌బుక్ సగం బయటికి తీసి నా వైపు చూసింది. నేను తలూపాను. అంతే, నలభై సంచులు ఒకేసారి తెరుచుకున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

వెంటనే తెలుగు చెప్పడంలో ఉన్న నష్టం నాకు ఆరోజు బోధపడింది. తెలుగు వస్తుందని తెలిస్తే పిల్లల చెవి ఇంగ్లీష్‌ను అసలు పట్టించుకోదు, పట్టించుకోవలసిన పని కూడా లేదు. మనం సాయం అనుకుని చేస్తున్నది వాళ్ల చెవిని మూసేస్తోంది. రాదని తెలిస్తే చెవి రిక్కిస్తుంది, కన్ను వెతుకుతుంది, పక్కవాణ్ని చూస్తుంది. నేర్చుకోవడమనేది ఆ వెతుకులాటలోనే ఉంది.

ఇంకో సంగతి నేను ముందు అనుకోనిది. వ్యాకరణంలో మేం తొమ్మిదో తరగతిలో నానా అవస్థపడి చెప్పేవి ఈ చిన్న మాటల్లో హాయిగా కూర్చుని ఉన్నాయి. "హ్యావ్ యు ఫినిష్డ్?" చూడండి. తెలుగులో "రాశావా?" అంటే చాలు, నిన్న రాశావా అన్నదానికీ ఇప్పటికి రాయడం అయిందా అన్నదానికీ అదే మాట. అందుకే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనగానే మన పిల్లలు తికమకపడతారు. హ్యావ్ తర్వాత వీ త్రీ అని సూత్రం బట్టీ పడతారు, పరీక్షలో ఖాళీలు పూరిస్తారు, నోట మాత్రం ఎప్పటికీ రాదు. ఆరో తరగతి పిల్లలు మాత్రం రోజుకు అయిదారుసార్లు "హ్యావ్ యు ఫినిష్డ్?" విని, ఫిబ్రవరికల్లా "నాట్ యెట్ సార్" అనడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతారో, ఎందుకు అడుగుతారో వాళ్లకు ఒంటికి తెలిసిపోయింది. "హూజ్ పెన్ ఈజ్ దిస్?" "స్పీక్ లౌడర్." "ఇట్స్ అండర్ ద బెంచ్." "షల్ ఐ క్లీన్ ద బోర్డ్?" వీటిలో ఒక్కోటి గ్రామర్ పుస్తకంలో ఒక్కో చాప్టర్.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీష్ బోధన నిపుణుడు 1979 నుంచి 1984 దాకా మన దక్షిణాదిలోనే కొన్ని మామూలు బడుల్లో ఇలాంటిది చేసి చూపించారు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు దాన్ని. పిల్లలకు ముందుగా వ్యాకరణం చెప్పలేదు. రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి, వాటితో చిన్న చిన్న లెక్కలు, చిక్కులు విడగొట్టమన్నారు. మనసు పని మీద ఉంటే భాష తనంతట తాను లోపల కుదురుకుంటుందన్నది ఆయన ఆలోచన. ప్రపంచమంతా భాషాబోధన చదివేవాళ్లు దాని గురించి చదువుతారు. మన బీఈడీ కాలేజీల్లో దాని మీద ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలని నా కోరిక.

ఫిర్యాదుల సంగతి చెప్పాలి. ఆరో తరగతి పిల్లలు బడిలో అన్నింటికన్నా ఎక్కువగా, అన్నింటికన్నా ఆవేశంగా మాట్లాడేది ఫిర్యాదులే. "సార్, వీడు నా పెన్ను తీసుకున్నాడు." "సార్, ఈ పిల్ల నెడతాంది." ఆ ఆవేశం చూశాక దాన్ని ఎందుకు వదులుకోవాలనిపించింది. నాలుగు వాక్యాలు చార్టు మీద రాసి గోడకు అంటించాను. "హీ టుక్ మై పెన్." "షీ పుష్డ్ మీ." "ఇట్స్ మై టర్న్." "హీ ఈజ్ నాట్ గివింగ్ ఇట్ బ్యాక్." తెలుగులో చెప్పినా వింటాను, ఇంగ్లీష్‌లో చెబితే ఇంకా శ్రద్ధగా వింటాను అని చెప్పాను. వారం తిరిగేసరికి ఇంగ్లీష్‌లో తగాదాలు మొదలయ్యాయి. "షీ పుష్డ్ మీ" అన్నదానికి అవతలి పిల్ల "నో సార్, హీ పుష్డ్ ఫస్ట్" అంది. ఫస్ట్ అనే మాట అక్కడ పెట్టమని నేను నేర్పలేదు. ఆ పిల్లకు కావలసి వచ్చింది, తెచ్చుకుంది.

మర్యాద విషయంలో మాత్రం మేమందరం పొరపాటు పడుతుంటాం. పిల్లలు "సార్, గివ్ చాక్" అంటారు. వినగానే పొగరుగా అనిపించి కసురుకునే టీచర్లను చూశాను, నేనూ కసిరాను. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. "ఇవ్వండి" అంటే ఆ "అండి"లోనే అంతా ఉంది, లేదా ముందు "కాస్త" అంటాం. ఇంగ్లీష్ క్రియకు ఆ తోక లేదు. మర్యాద అంతా ప్లీజ్‌లోనో, కుడ్ యులోనో పెట్టాలి. అది పిల్లలకు తెలియదు. వాళ్లు మనసులో "ఇవ్వండి సార్" అనే అంటున్నారు, ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి "అండి" రాలిపోతోంది. కోప్పడితే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. "కుడ్ యు గివ్ మి ద చాక్, ప్లీజ్? ఎస్, హియర్" అని నేనే ఆ వాక్యం పలికి, నవ్వుతూ చాక్‌పీస్ చేతిలో పెడితే చాలు.

నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా రాయాలి. ఉత్సాహం ఎక్కువై మధ్యాహ్న భోజనం దగ్గర కూడా ఇంగ్లీష్ పెట్టాను. ఇంకా అన్నం కావాలంటే "సమ్ మోర్ రైస్, ప్లీజ్" అనాలి. వడ్డించే అమ్మలకు కూడా చెప్పాను. రెండు రోజులు బాగానే గడిచింది. మూడోరోజు ఒక అబ్బాయి పళ్లెం పట్టుకుని వరసలోకి వచ్చి, నన్ను చూసి, వెనక్కి వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు. ఆ పళ్లెంలో మెతుకు లేదు. సాయంత్రం దాకా నాకు విషయం అర్థం కాలేదు. వాడి స్నేహితుడు చెప్పాడు, "వాడికి ఆ మాట రాదు సార్, అందుకే అడగలా" అని. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగ్ కూలికి తెల్లారకముందే వెళ్లిపోతుంది. వాడికి ఆ రోజు మొత్తానికి అదే తిండి.

నేను ఆ పద్ధతి ఆ పూటే ఆపేశాను. మర్నాడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాను. తప్పు నాదని చెప్పాను. అప్పటి నుంచి నాకొక గీత స్పష్టంగా ఏర్పడింది. అర్థం కాకపోయినా పిల్లవాడికి నష్టం లేని చోట ఇంగ్లీష్. నోట్‌బుక్ తియ్యడం ఆలస్యమైతే ఏమీ కాదు, పక్కవాణ్ని చూసి తీస్తాడు. ఆకలి దగ్గర, కడుపునొప్పి దగ్గర, భయం దగ్గర, ఇంట్లో గొడవ జరిగి ఏడ్చుకుంటూ వచ్చిన రోజున తెలుగే. ఆడపిల్లలకు బాత్రూమ్‌కి వెళ్లడానికి ఇంగ్లీష్ వాక్యం అప్పజెప్పాలనే నియమం ఇప్పటికీ కొన్ని బడుల్లో ఉంది. దయచేసి అది తీసేయండి.

తెలుగు మాట్లాడితే శిక్ష అనే పద్ధతి మీద నాకు మొదటి నుంచీ అసహ్యమే. 2009లో మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లల మెడలో "ఇక ఎప్పుడూ తెలుగు మాట్లాడను" అని ఇంగ్లీష్‌లో రాసిన పలకలు వేలాడదీసిన వార్త అప్పట్లో రాష్ట్రమంతా చదివింది. పిల్లవాడి మెడలో పలక వెయ్యడం అంటే వాళ్లమ్మ మాటకు పలక వెయ్యడమే. నేను చెబుతున్నదానికి, దానికి ఏ పోలికా లేదు. నేను నియమం పెట్టుకుంటున్నది నా నోటికి. పిల్లలు ఏ భాషలోనైనా జవాబు చెప్పొచ్చు. "హూ ఈజ్ ఆబ్సెంట్ టుడే?" అంటే "వెంకటాపురం వాళ్లెవరూ రాలా సార్, బస్సు రాలా" అని తెలుగులో చెబుతారు. "ఓ, ద బస్ డిడ్ నాట్ కమ్?" అంటాను. వాళ్లు తలూపుతారు. వాళ్లకు అర్థమైందని నాకూ తెలుసు, నాకు అర్థమైందని వాళ్లకూ తెలుసు. అది చాలు. మాట వాళ్ల నోటికి వచ్చే రోజున వస్తుంది.

ఇక "నా ఇంగ్లీషే సరిగా లేదు, తప్పులు అంటుకుంటాయి" అనే భయం. ఇది టీచర్లు పైకి చెప్పుకోలేనిది, అందుకే దీని మీద ఎక్కువ రాయాలని ఉంది. మాలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివినవాళ్లమే. అధికారులు తనిఖీకి వస్తే ఒక తప్పు దొర్లుతుందేమోనని టెన్షన్. అందుకే పుస్తకంలో ఉన్నదే చదువుతాం, అదైతే తప్పు పోదు. కానీ పన్నెండు వాక్యాలే కదా. పన్నెండు వాక్యాలను సరిగ్గా నేర్చుకోవడం ఏ టీచర్‌కైనా ఒక సాయంత్రం పని. నెలకు పన్నెండు చొప్పున ఏడాదికి నూరు దాటుతాయి. ఆ నూరు వాక్యాలు తడుముకోకుండా వస్తే టీచర్ గొంతు కూడా మారుతుంది. నాది మారింది. నేను డిగ్రీలో నేర్చుకోని ఇంగ్లీష్ ఆరో తరగతిలో నేర్చుకున్నాను.

ఈ చిన్న మాటల మీద నాకింత పట్టుదల ఎందుకంటే, వాటివల్ల నేను దెబ్బతిన్నాను. 2004లో తెలుగు మీడియంలో పదో తరగతి పాసయ్యాను, ఇంగ్లీష్‌లో 81 మార్కులు. మా ఊళ్లో ఇంగ్లీష్ బాగా వచ్చినవాడిని నేనే. నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ ఇంగ్లీష్ మీడియంలో చేర్పించారు. మూడోరోజో నాలుగోరోజో లెక్చరర్ నోట్స్ చెబుతున్నాడు. మధ్యలో ఒక వాక్యం చెప్పి, ఆగి, "నో, నో, స్ట్రైక్ ఇట్ ఆఫ్" అన్నాడు. నేను నోట్స్‌లో ఆ వాక్యం కింద "స్ట్రైక్ ఇట్ ఆఫ్" అని కూడా రాసుకున్నాను. అది కొట్టేయమనడం అని నాకు తెలియదు. పక్కవాడు చూసి పైకి చదివాడు. బెంచీ మొత్తం నవ్వింది. ఆ రాత్రి మెస్‌కి వెళ్లలేదు. 81 మార్కుల ఇంగ్లీష్‌లో కొట్టెయ్యి అనే మాట ఎందుకు లేదో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. మా సారు మాకు లెక్కలేనన్నిసార్లు "కొట్టేయ్‌రా" అన్నాడు, తెలుగులో. మా పిల్లలకు ఆరో తరగతి మొదటి నెల పన్నెండు వాక్యాల్లో "స్ట్రైక్ ఇట్ ఆఫ్" ఉంటుంది.

ఇప్పుడు అన్ని సబ్జెక్టులూ ఇంగ్లీష్ మీడియమే కదా, ఇంకా ఈ గొడవ ఎందుకని కొందరంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగుతో పుస్తకాలు వచ్చాయి. ఆ చరిత్ర మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. బడిలో నేను చూసేది ఇది: పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, టీచర్లు తెలుగులో వివరిస్తారు, పరీక్షకు ఇంగ్లీష్ జవాబులు బట్టీ పెడతారు. నేను దాన్ని తప్పు పట్టను. కిరణజన్య సంయోగక్రియ తెలుగులో అర్థమైతే అర్థమైనట్టే. కానీ మీడియం పేరు మారినంత మాత్రాన చెవికి ఒక్క ఇంగ్లీష్ మాట ఎక్కువ అందలేదు. పుస్తకం మీడియం కన్నా గదిలో గాలి మీడియం ముఖ్యం.

వినిపించడం ఒక్కటే సరిపోతుందని నేననను. కెనడాలో 1965లో మాంట్రియల్ దగ్గర, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకు బడిలో ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఇలాంటి బళ్లలో ఏళ్ల తరబడి విన్న పిల్లలకు ఫ్రెంచ్ చక్కగా అర్థమయ్యేది. మాట్లాడేటప్పుడు మాత్రం తప్పులు అలాగే మిగిలిపోయేవి. 1985లో మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు దీని గురించి రాస్తూ, పిల్లలు తామే వాక్యాలు పలకాల్సిన అవసరం రావాలని చెప్పింది. అందుకే నా గోడ మీద సగం చార్టులు పిల్లలు అనే వాక్యాలు. "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్." "ప్లీజ్ సే ఇట్ అగైన్." ఈ రెండో వాక్యం వచ్చిన పిల్లకు ఇక ఎక్కడైనా బతుకుదారి దొరుకుతుందని నా నమ్మకం. నాకు నెల్లూరులో కావలసింది ఆ ఒక్క వాక్యమే.

ఆరో తరగతిలో ఒక పిల్ల ఉండేది. జూన్ నుంచి నవంబరు దాకా తరగతిలో ఒక్క ఇంగ్లీష్ మాట అనలేదు. అడిగితే తల దించుకునేది, చెప్పిన పని మాత్రం అందరికన్నా ముందు చేసేది. మధ్యలో ఒకసారి వాళ్ల నాయనమ్మ రేషన్ షాపు దగ్గర కనపడి, "అయ్యోరూ, మా పిల్ల ఇంట్లో తమ్ముడితో 'మూవ్ ఎలిటిల్, మూవ్ ఎలిటిల్' అంటది, ఏందది?" అని అడిగింది. జరగమనడం అమ్మా అన్నాను. "ఓ, జరగమనా" అని తృప్తిగా వెళ్లిపోయింది.

డిసెంబరులో చీమకుర్తి నుంచి ఒక అబ్బాయి మా బడికి వచ్చాడు. తండ్రి గ్రానైట్ క్వారీలో పనిచేసి, పని ఆగిపోయి మా ఊరి వైపు వచ్చారు. ఒడియా కుటుంబం, వాడికి తెలుగు అంతంత మాత్రం. నేను బోర్డు మీద రాస్తున్నాను. వెనక నుంచి చిన్న గొంతు వినపడింది. "నాట్ దేర్. సిట్ హియర్. టేక్ అవుట్ యువర్ బుక్. నో, అదర్ బుక్. సీ. లైక్ దిస్." నా వాక్యాలు, నా సాగదీత, "సీ" దగ్గర నేను ఆగే ఆగడం కూడా. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ పిల్ల ఆపేస్తుంది. చాక్‌పీస్ బోర్డుకు ఆనించి అలాగే నిలబడ్డాను. ఆ అబ్బాయి ఏదో అడిగాడు. ఆ పిల్ల, "నో అంటే, నాట్ యెట్. సార్ విల్ సే" అంది.

మధ్యలో ఒక తెలుగు "అంటే" వేసింది. నాకదెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. మా లెక్కల సారు నిన్న ఇంటికి వచ్చాడు. లెక్క చెప్పడం తెలుగులోనే చెబుతానని, చెయ్యమనే మాటలు మాత్రం ఇంగ్లీష్‌లో పెడతానని అన్నాడు. అరుగు మీద కూర్చుని రాసుకున్నాం. పక్క అంకె కిందికి దించుకో అన్నదానికి "బ్రింగ్ ఇట్ డౌన్". ఎంత మిగిలింది అన్నదానికి "వాట్ ఈజ్ లెఫ్ట్?" సరిచూసుకో అన్నదానికి "చెక్ ఇట్". రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటే తొమ్మిది వాక్యాలు వచ్చాయి. ఆయన వాటిని రెండుసార్లు గట్టిగా చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సైన్స్ మేడమ్‌ను ఇంకా అడగాలి.